టాప్ గేర్‌లో నిశ్శబ్దం: లూయీ రెనో కథ

పాత అంబాసిడర్లు, జీపులు బాగు చేసే మెకానిక్‌లకి ఒక అలవాటు ఉంటుంది. బండిలో గురగుర అని సౌండ్ వస్తోందని తీసుకెళ్తే వెంటనే గేర్ బాక్స్ దింపరు. పక్క సీట్లో కూర్చుని, మనల్నే ఒక రౌండు నడపమంటారు. ఫస్ట్‌లో సౌండ్ ఉంది. సెకండ్‌లో ఉంది. థర్డ్‌లోనూ ఉంది. టాప్ గేర్ పడగానే సౌండ్ బాగా తగ్గిపోయింది. అంతే, ఇంక నడపక్కర్లేదు. లే షాఫ్ట్ బేరింగ్ పోయి ఉంటుందని అక్కడే చెప్పేస్తారు. విప్పి చూస్తే చాలాసార్లు అదే అవుతుంది.

ఇదేదో అనుభవంతో వచ్చిన మ్యాజిక్ అనుకుంటాం. అనుభవం నిజమే, కానీ మ్యాజిక్ కాదు. పాత వెనక చక్రాల డ్రైవ్ బండ్లలో టాప్ గేర్ అనేది మిగతా గేర్ల లాంటిది కాదు. నిజానికి అక్కడ గేరే లేదు. ఇంజిన్ నుంచి వచ్చిన షాఫ్ట్, వెనక్కి వెళ్లే షాఫ్ట్ రెండూ ఒకే కడ్డీలా కలిసిపోయి తిరుగుతాయి. కింద ఉన్న లే షాఫ్ట్ మీద లోడ్ ఉండదు. లోడ్ లేని బేరింగ్ పెద్దగా అరవదు. దీన్నే మనం డైరెక్ట్ డ్రైవ్ అని ఎగ్జామ్‌లో రెండు మార్కులకి రాస్తాం.

ఆ రెండు మార్కుల వెనక ఒక మనిషి ఉన్నాడు. పేరు లూయీ రెనో. మనం రెనాల్ట్ అని పలికే కంపెనీ పేరు ఆయన ఇంటిపేరే. ఫ్రెంచ్ వాళ్లు రెనో అంటారు. 21 ఏళ్ల వయసులో, ఇంజినీరింగ్ డిగ్రీ లేకుండా, ఇంటి పెరట్లోని షెడ్డులో ఈ పని చేశాడు. 67 ఏళ్ల వయసులో ఖైదీగా చనిపోయాడు. ఈ రెండింటి మధ్య జరిగిన కథ ఇది.

షెడ్డులో కుర్రాడు

లూయీ 1877 ఫిబ్రవరి 12న పారిస్‌లో పుట్టాడు. తండ్రి ఆల్ఫ్రెడ్‌ది బట్టలు, గుండీల వ్యాపారం. డబ్బుకి లోటు లేని ఇల్లు. అన్నలు ఫెర్నాన్, మార్సెల్ బుద్ధిగా వ్యాపారంలో దిగారు. అన్నదమ్ముల్లో చిన్నవాడు లూయీ మాత్రం చదువులో అంతంతమాత్రం. మంచి పేరున్న స్కూల్లోనే వేశారు కానీ మనసు అక్కడ ఉండేది కాదు. ఆ రోజుల్లో పారిస్‌లో లియోన్ సెర్పోలే అనే ఆయన ఆవిరితో నడిచే బండ్లు తయారు చేసేవాడు. మన లూయీ ఆ వర్క్‌షాప్‌లో గంటలు గంటలు గడిపేవాడు.

వాళ్లకి పారిస్ పక్కనే బియాంకూర్‌లో ఇంకో ఇల్లు ఉండేది. దాని తోటలో పనిముట్లు పెట్టుకునే చిన్న షెడ్డు. లూయీ దాన్నే తన ల్యాబ్ చేసుకున్నాడు. పాత పనార్ ఇంజిన్లు విప్పడం, మళ్లీ బిగించడం, ఇదే పని. ఇంట్లో వాళ్లకి ఇదొక పిచ్చిలా కనిపించి ఉంటుంది. బీటెక్ ఫస్ట్ ఇయర్‌లో ఉన్న మిక్సీలు, ఫ్యాన్లు విప్పి పడేసి అమ్మ చేత తిట్లు తిన్నవాళ్లకి ఇది బాగానే అర్థమవుతుంది.

మధ్యలో సైన్యంలో చేరి వచ్చాడు. 1898లో తిరిగొచ్చాక ఒక వాడిన డి డియాన్ బూటన్ మూడు చక్రాల బండిని తీసుకుని, దాన్ని నాలుగు చక్రాల చిన్న కారుగా మార్చడం మొదలుపెట్టాడు. దాని ఇంజిన్ 273 సీసీ. బలం రెండు హార్స్‌పవర్ కూడా లేదు. మన ఇళ్లలో 750 వాట్ల మిక్సీ ఉంటుంది కదా, అది సుమారు ఒక హార్స్‌పవర్. అంటే రెండు మిక్సీల బలంతో మనుషుల్ని మొయ్యాలన్నమాట. అంత తక్కువ బలం ఉన్నప్పుడు దారిలో ఏ కొంచెం వృథా అయినా బండి కదలదు. లూయీ బుర్ర పనిచేసింది సరిగ్గా ఈ వృథా మీదే.

అప్పటి బండ్లలో ఏం జరిగేది

లూయీ చేసిన పని విలువ తెలియాలంటే అంతకుముందు ఏం ఉండేదో చూడాలి. ఇంజిన్ ముందు, దాని వెనక క్లచ్, ఆ వెనక గేర్ బాక్స్, చివర్లో వెనక చక్రాలు, ఈ అమరికని ప్రపంచానికి ఇచ్చింది పనార్ లెవాసోర్ కంపెనీకి చెందిన ఎమిల్ లెవాసోర్. 1890ల మొదట్లో ఆయన పళ్లచక్రాలని షాఫ్ట్ మీద అటూ ఇటూ జరిపి గేరు మార్చే పద్ధతి తెచ్చాడు. పద్ధతి పనిచేసింది, కానీ చాలా మొరటుగా పనిచేసేది. తిరుగుతున్న రెండు చక్రాల పళ్లని ఒకదాంట్లో ఒకటి తోసేయడమే. గేరు మార్చిన ప్రతిసారీ గరగరమని ఇనుము ఇనుముతో గొడవపడేది.

ఇంకో ఇబ్బంది ఏంటంటే, ఏ గేరులో ఉన్నా బలం పళ్ల మీదుగానే వెళ్లాలి. గేర్ బాక్స్ లోంచి వచ్చాక మళ్లీ ఒక అడ్డ షాఫ్ట్, దాని రెండు చివర్ల నుంచి చక్రాలకి గొలుసులు. అప్పటికి పళ్లు ఇప్పట్లా నున్నగా కోసేవాళ్లు కాదు. గొలుసులు బయటే వేలాడేవి. దుమ్ము, బురద అంతా వాటికే. సాగిపోయేవి, తెగిపోయేవి, టకటకలాడేవి. అప్పుడు కారు కొన్నవాడు దారి పొడవునా ఈ సంగీతం వింటూ వెళ్లాల్సిందే.

లూయీ రెండు మార్పులు చేశాడు.

మొదటిది గొలుసు తీసేయడం. దాని బదులు గేర్ బాక్స్ నుంచి వెనక ఇరుసు దాకా ఒక పొడవాటి షాఫ్ట్ పెట్టాడు. మనం ప్రొపెల్లర్ షాఫ్ట్ అనేది అదే. గతుకుల్లో ఇరుసు పైకీ కిందకీ ఊగుతుంది కాబట్టి షాఫ్ట్ వంగినా తిరిగేలా యూనివర్సల్ జాయింట్లు పెట్టాడు. మెకానిక్‌లు క్రాస్ అనేది ఈ జాయింట్‌లోని నాలుగు కొమ్ముల ముక్కని. ఇరుసు దగ్గర బెవెల్ గేర్లతో తిప్పుడు దిశ మారుతుంది.

రెండోది అసలైనది. మూడు గేర్లు, ఒక రివర్స్ ఉన్న బాక్స్‌లో మూడో గేరుకి పళ్లజత పెట్టలేదు. ఇంజిన్ వైపు షాఫ్ట్‌నీ చక్రాల వైపు షాఫ్ట్‌నీ ఒకే వరసలో ఎదురెదురుగా పెట్టి, టాప్ గేరులో వాటిని ఒకదానికొకటి నేరుగా తగిలించాడు. ఫస్ట్, సెకండ్‌లలో బలం పక్క షాఫ్ట్ మీదుగా చుట్టూ తిరిగి వస్తుంది. టాప్‌లో చుట్టు తిరగదు, సూటిగా వెళ్లిపోతుంది. బలం మోసే పళ్లే లేనప్పుడు అక్కడ రాపిడి లేదు, వృథా లేదు, గోల లేదు.

కొత్త పరికరమేదీ కనిపెట్టలేదు చూడండి. షాఫ్ట్ పాతదే, పళ్లచక్రాలు పాతవే, యూనివర్సల్ జాయింట్ అయితే అంతకు వందల ఏళ్ల క్రితంది. ఉన్న ముక్కల్నే పేర్చే తీరు మార్చాడు. ఎక్కువసేపు వాడే గేరు ఏదో చూసి, దాన్ని అన్నిటికంటే తేలిక చేశాడు. డిజైన్ క్లాసులో మనం నేర్చుకోవాల్సింది ఇదే అనిపిస్తుంది.

క్రిస్మస్ ముందు రోజు పందెం

1898 డిసెంబర్ 24. స్నేహితులతో కలిసిన లూయీ తన చిన్న బండిని తెచ్చాడు. గొలుసు బండి కంటే ఇది బాగా ఎక్కుతుందా అన్న మాట వచ్చింది. పందెం పడింది. పారిస్‌లో మోంమార్త్ర అనే గుట్ట ఉంది. దాని మీదకి వెళ్లే ర్యూ లెపిక్ అనే వీధి ఏటవాలు 13 శాతం అని చెబుతారు. అంటే వంద మీటర్లు వెళ్తే 13 మీటర్లు పైకి. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు ఫస్ట్ గేరులో మూలిగే మలుపుల్ని గుర్తు తెచ్చుకోండి. రెండు హార్స్‌పవర్ లేని బండికి అది మాటలు కాదు.

లూయీ బండి ఎక్కేసింది. అక్కడున్నవాళ్లు పందెం డబ్బులతో ఊరుకోలేదు. తమకీ అలాంటి బండి కావాలని డజను దాకా ఆర్డర్లు ఇచ్చారు. అడ్వాన్సులూ ఇచ్చారు. అప్పటిదాకా కంపెనీ పెట్టాలన్న ఆలోచన గట్టిగా లేని కుర్రాడికి రాత్రికి రాత్రి కస్టమర్లు వచ్చారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క. ఏటవాలు ఎక్కింది టాప్ గేరులో కాదు, కింది గేర్లలో. అక్కడ డైరెక్ట్ డ్రైవ్ సాయం ఏమీ లేదు. గొలుసు బదులు షాఫ్ట్, తేలికైన బండి, సరైన గేరు నిష్పత్తి, ఇవి గెలిపించాయి. డైరెక్ట్ డ్రైవ్ విలువ కిందకి దిగాక, సమతలం మీద హాయిగా నడిచినప్పుడు తెలిసింది. గెలిపించిందీ పేరు తెచ్చిందీ ఒకటే అనుకుంటాం కానీ, ప్రతిసారీ అలా ఉండదు.

1899 ఫిబ్రవరిలో డైరెక్ట్ డ్రైవ్‌కి పేటెంట్ తీసుకున్నాడు. అదే సమయంలో అన్నలు ఫెర్నాన్, మార్సెల్ డబ్బు పెట్టి రెనో ఫ్రేర్ అనే కంపెనీ మొదలుపెట్టారు. ఫ్రేర్ అంటే అన్నదమ్ములు. లెక్కలు, అమ్మకాలు అన్నలవి. డిజైన్, తయారీ తమ్ముడివి. కొన్నేళ్లలోనే మిగతా కంపెనీలన్నీ ఇదే పద్ధతిని వాడటం మొదలుపెట్టాయి. లూయీ ఊరుకోలేదు. కోర్టుకి వెళ్లి గెలిచి రాయల్టీలు వసూలు చేశాడు. డిగ్రీ లేని మనిషికి పేటెంట్ కాగితం విలువ మాత్రం బాగా తెలుసు.

మార్సెల్

ఆ రోజుల్లో కారు అమ్మాలంటే రేసు గెలవాలి. ఊరి నుంచి ఊరికి మామూలు రోడ్ల మీదే రేసులు పెట్టేవాళ్లు. అన్నదమ్ములే డ్రైవర్లు. 1902లో పారిస్ నుంచి వియన్నా దాకా రేసు జరిగింది. మధ్యలో ఆల్ప్స్ పర్వతాలు, ఆర్ల్‌బర్గ్ కనుమ. పెద్ద ఇంజిన్ల బండ్లు సమతలం మీద దూసుకెళ్లినా కొండల్లో వాటి బరువే వాటికి శత్రువైంది. తేలికైన రెనో బండితో మార్సెల్ అందరికంటే ముందు వియన్నా చేరాడు. యూరప్ అంతా ఆ పేరు మారుమోగింది.

మరుసటి ఏడాది, 1903 మే 24న పారిస్ నుంచి మాడ్రిడ్‌కి రేసు. రోడ్ల పక్కన లక్షల జనం. దుమ్ములో ముందు ఏముందో కనిపించదు. కూహే అనే ఊరి దగ్గర మార్సెల్ బండి అదుపు తప్పింది. ఈ సంగతి తెలియని లూయీ అదే రేసులో దూసుకుపోతూ బోర్డో నగరానికి అందరికంటే ముందు చేరిపోయాడు. అక్కడ తెలిసింది అన్నకి ప్రమాదం అయిందని. ఆ రోజు దారిలో డ్రైవర్లు, చూడటానికి వచ్చిన మామూలు జనం ఇంకా చాలామంది పోయారు. ప్రభుత్వం రేసుని బోర్డోలోనే ఆపేసింది. రెండు రోజుల తర్వాత మార్సెల్ చనిపోయాడు. వయసు 31.

లూయీ ఆ తర్వాత మళ్లీ రేసులో కూర్చోలేదు.

ఇంకో అన్న ఫెర్నాన్ ఆరోగ్యం బాగోక కంపెనీ నుంచి తప్పుకుని 1909లో పోయాడు. అన్నదమ్ముల కంపెనీలో ఒక్కడే మిగిలాడు. పేరులోంచి ఫ్రేర్ అనే మాట కూడా పోయింది. లూయీ మొదటి నుంచీ పెద్దగా మాట్లాడేవాడు కాదు, నలుగురిలో మాట తడబడేది. బయటి ప్రపంచంతో మాట్లాడే అన్నలిద్దరూ పోయాక ఆ మౌనం ఇంకా గట్టిపడింది. ఇది తర్వాత కథకి ముఖ్యం.

టాక్సీలు, ట్యాంకులు, స్టాప్‌వాచ్

1905లో పారిస్ టాక్సీల కోసం ఒకేసారి 250 బండ్ల ఆర్డర్ వచ్చింది. అక్కడి నుంచి కంపెనీ స్థాయే మారిపోయింది. పారిస్, లండన్ వీధుల్లో రెనో టాక్సీలు మామూలు దృశ్యం అయిపోయాయి. 1914 సెప్టెంబర్‌లో జర్మన్ సైన్యం పారిస్ దగ్గరికి వచ్చేసినప్పుడు సుమారు 600 టాక్సీలు సైనికుల్ని మార్న్ యుద్ధరంగానికి మోశాయి. వాటిలో ఎక్కువ రెనోలే. లక్షల్లో సైనికులు వెళ్లిన ఆ పెద్ద యుద్ధంలో వాటివల్ల సైనికంగా కలిగిన తేడా చిన్నదేనని చరిత్రకారులు చెబుతారు. కానీ జనం మనసులో అది నిలిచిపోయింది. 1917లో వచ్చిన రెనో ఎఫ్‌టీ ట్యాంకు అంతకంటే పెద్ద సంగతి. తిరిగే టరెట్ పైన, డ్రైవర్ ముందు, ఇంజిన్ వెనక. ఈనాటి ట్యాంకులు కూడా ఎక్కువగా ఇదే అమరిక. యుద్ధం ముగిసేసరికి లూయీ దేశానికి హీరో.

కానీ ఫ్యాక్టరీ లోపల కథ వేరు. 1911లో లూయీ అమెరికా వెళ్లి హెన్రీ ఫోర్డ్ ఫ్యాక్టరీ చూసి వచ్చాడు. తిరిగొచ్చాక తన ఫ్యాక్టరీలోనూ టేలర్ పద్ధతి తెచ్చాడు. మనకి ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్‌లో టైమ్ స్టడీ అని ఉంటుంది కదా, అదే. కార్మికుడి పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడి ప్రతి కదలికకీ సెకన్లు లెక్కపెట్టడం. మనం దాన్ని ఫార్ములాగా చదువుతాం. బియాంకూర్ కార్మికులు దాన్ని అవమానంగా చూశారు. 1913లో వారాల తరబడి సమ్మె జరిగింది. లూయీ తగ్గలేదు. సమ్మె ఓడిపోయింది, చాలామంది ఉద్యోగాలు పోయాయి.

యంత్రంలో ఎక్కడ రాపిడి ఉందో చెవితో పట్టేసే మనిషి, మనుషుల దగ్గరి రాపిడిని మాత్రం విన్నట్టు లేదు. లేదా విని కూడా పట్టించుకోలేదు.

1929లో సెన్ నది మధ్యనున్న సెగాన్ దీవిలో పెద్ద ఫ్యాక్టరీ తెరిచాడు. సొంత కరెంటు కేంద్రం, సొంత రేవు, అన్నీ దీవిలోనే. ఆ కాలంలో ఆయనకి పెద్ద పోటీ ఆంద్రే సిట్రోయెన్. సిట్రోయెన్ కూడా గేర్ల మనిషే. కార్లకి ముందు ఆయన వ్యాపారం వి ఆకారంలో పళ్లుండే గేర్లు. ఆ కంపెనీ గుర్తులో ఒకదాని మీద ఒకటి ఉండే రెండు బాణాలు ఆ పళ్లే. పళ్లు ఏటవాలుగా ఉంటే ఒక్కసారిగా కొట్టుకోకుండా మెల్లగా జారి కలుస్తాయి, అందుకే సౌండ్ తక్కువ. సిట్రోయెన్ ఖర్చుకి వెనకాడడు, ఈఫిల్ టవర్ మీద తన పేరు లైట్లతో వేయించుకున్నాడు. లూయీ పైసా చూసి ఖర్చు పెట్టేవాడు. 1934లో సిట్రోయెన్ దివాలా తీశాడు, మరుసటేడు చనిపోయాడు. లూయీ నిలబడ్డాడు. నిలబడటమే ఆఖరికి ఆయన మెడకి చుట్టుకుంది.

1936లో ఫ్రాన్స్ అంతా సమ్మెలు. రెనో కార్మికులు ఫ్యాక్టరీని ఆక్రమించుకున్నారు. 1938 నవంబర్‌లో ఇంకో సమ్మెని పోలీసుల సాయంతో గట్టిగా అణిచేశారు. ఆ కోపం ఎక్కడికీ పోలేదు.

చివరి నాలుగేళ్లు

1940లో జర్మనీ ఫ్రాన్స్‌ని ఆక్రమించినప్పుడు లూయీ ప్రభుత్వం పని మీద అమెరికాలో ఉన్నాడు. అక్కడే ఉండిపోవచ్చు. ఉండలేదు, తిరిగొచ్చాడు. ఫ్యాక్టరీ మీద జర్మన్ల పర్యవేక్షణ వచ్చింది. బియాంకూర్‌లో జర్మన్ సైన్యం కోసం లారీలు తయారయ్యాయి. ఇది వాస్తవం, ఎవరూ కాదనరు.

గొడవంతా దానికి అర్థం ఏంటన్న దగ్గరే. ఆయన పక్షం వాళ్లు చెప్పేది ఒకటి. ఫ్యాక్టరీ మూసేస్తే జర్మన్లు మిషన్లని, కార్మికుల్ని తమ దేశానికి ఎత్తుకెళ్లిపోయేవాళ్లు, ఆయన కాపాడింది వాటినే అని. ఎదుటి పక్షం చెప్పేది ఇంకొకటి. శత్రువుకి లారీలు చేసిపెట్టి, దేశం కన్నా ఫ్యాక్టరీయే ముఖ్యమనుకున్నాడని. 1942 మార్చి 3 రాత్రి బ్రిటిష్ విమానాలు ఆ ఫ్యాక్టరీ మీద బాంబులు వేశాయి. చుట్టుపక్కల వందలాది మామూలు జనం చనిపోయారు. లూయీ మళ్లీ కట్టించాడు. మళ్లీ బాంబులు పడ్డాయి.

ఈ సమయానికి ఆయన ఆరోగ్యం బాగా దెబ్బతింది. అఫేజియా అనే సమస్య వచ్చింది. అంటే మాట సరిగ్గా రాకపోవడం, రాయడం కూడా కష్టం కావడం. తన గురించి తాను చెప్పుకోవాల్సిన రోజులు వచ్చేసరికి చెప్పుకునే శక్తే లేదు.

1944 ఆగస్టులో పారిస్‌కి విముక్తి వచ్చింది. కమ్యూనిస్టు పత్రికలు ఆయన్ని అరెస్టు చెయ్యమని డిమాండ్ చేశాయి. సెప్టెంబర్ 23న అరెస్టు చేసి ఫ్రేన్ జైల్లో పెట్టారు. పరిస్థితి విషమించాక ఆస్పత్రికి మార్చారు. అక్టోబర్ 24న చనిపోయాడు. జైల్లో ఆయన్ని కొట్టారని కుటుంబం చివరిదాకా ఆరోపించింది. 1945 జనవరిలో ప్రభుత్వం కంపెనీని జాతీయం చేసింది. వారసులు దశాబ్దాల పాటు కోర్టుల చుట్టూ తిరిగినా కంపెనీ వాళ్లకి తిరిగి రాలేదు.

అసలు సంగతి ఏంటంటే, విచారణే జరగలేదు. నేరస్తుడని ఏ కోర్టూ చెప్పలేదు, నిర్దోషి అనీ చెప్పలేదు.

ఆయన వదిలిపోయిన పరీక్ష

మొదట్లో చెప్పిన మెకానిక్ దగ్గరికి మళ్లీ వద్దాం. గేర్ బాక్స్ విప్పకుండా లోపం పట్టుకునే పద్ధతి అంతా ఒకే సూత్రం మీద నడుస్తుంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి, సౌండ్ ఏం చేస్తుందో వినాలి. బలం ఏ దారిలో వెళ్తోందో తెలిస్తే ఏ ముక్క అరుస్తోందో తెలుస్తుంది.

బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో ఇంజిన్ ఆన్ చెయ్యండి. క్లచ్ వదిలేసినప్పుడు గురగుర ఉండి, నొక్కితే పోతే అనుమానం గేర్ బాక్స్ లోపలి ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ మీదకి వెళ్తుంది. తిరగబడి, క్లచ్ నొక్కితేనే సౌండ్ మొదలైతే రిలీజ్ బేరింగ్ చూడాలి. ఒక్క గేరులోనే సౌండ్ వస్తే ఆ గేరు పళ్లు. కింది గేర్లన్నిటిలో ఉండి, డైరెక్ట్ టాప్‌లో పోతే లే షాఫ్ట్ వైపు.

గేరు పడేటప్పుడు గరగరమంటే ఇంకో లెక్క. ఒక్క గేరుకే అయితే దాని సింక్రో రింగు అరిగి ఉండొచ్చు. అన్ని గేర్లకీ, ముఖ్యంగా రివర్స్‌కీ గరగరమంటే గేర్ బాక్స్‌ని నిందించే ముందు క్లచ్ పూర్తిగా విడుతోందో లేదో చూడాలి. రివర్స్‌లో బండి వెనక్కి పోతూ సన్నగా కుయ్ మంటే చాలా బండ్లలో అది జబ్బు కాదు. అక్కడి పళ్లు తిన్నగా ఉంటాయి కాబట్టి అలా అరుస్తాయి.

గేర్ బాక్స్ దాటాక, యాక్సిలరేటర్ నొక్కినా వదిలినా టక్ మని దెబ్బ వినిపిస్తే క్రాస్ లూజు గానీ, డిఫరెన్షియల్‌లో ఆట గానీ, ఇంజిన్ మౌంటింగ్ గానీ కావొచ్చు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి నడిపితే టకటకమనేది ముందు చక్రాల బండ్లలో బయటి సీవీ జాయింట్. స్పీడులో న్యూట్రల్ చేసినా సౌండ్ అలాగే కొనసాగి, స్పీడుతో పాటే పెరిగి తగ్గుతుంటే వీల్ బేరింగు, టైరు, డిఫరెన్షియల్ వైపు వెతకాలి. ఇది ట్రాఫిక్ లేని సమతలం రోడ్డు మీద మాత్రమే చెయ్యండి, దిగుడులో న్యూట్రల్ ఎప్పుడూ వద్దు.

ఒక హెచ్చరిక. ఇప్పటి చిన్న కార్లు ఎక్కువగా ముందు చక్రాల డ్రైవ్. వాటి గేర్ బాక్సుల్లో రెండే షాఫ్టులు ఉంటాయి, ఏ గేరులోనైనా బలం ఒక పళ్లజత మీదుగానే పోతుంది. డైరెక్ట్ గేరు అనేదే లేదు. కాబట్టి టాప్ గేర్ పరీక్ష వాటికి పనిచేయదు. చెన్నై దగ్గర ఒరగడంలో తయారయ్యే క్విడ్ మీద ఆయన పేరుంది, ఆయన టాప్ గేరు మాత్రం లేదు. ఈసారి ఆటోమొబైల్ ల్యాబ్‌కి వెళ్తే కోసి పెట్టిన పాత గేర్ బాక్స్ ఉంటే చూడండి. టాప్ గేరులో వేసి చేత్తో తిప్పండి. రెండు షాఫ్టులు ఒక్కటై తిరగడం కనిపిస్తుంది. లూయీ చూపిన దారి అదే.

యంత్రం విషయంలో మనకి ఆ వెసులుబాటు ఉంది. అనుమానం వస్తే మళ్లీ ఒక రౌండు నడిపి, ఒక్కటి మార్చి, మళ్లీ వినొచ్చు. లూయీ రెనో 1940లో పారిస్‌కి తిరిగి రాకపోయి ఉంటే ఏమయ్యేది, ఫ్యాక్టరీ మూసేసి ఉంటే ఆ కార్మికులు ఏమయ్యేవాళ్లు, 1913లో స్టాప్‌వాచ్ పక్కన పెట్టి ఉంటే 1944లో ఆయన కోసం ఎవరైనా ఒక మాట మాట్లాడేవాళ్లా, ఇవేవీ ఇప్పుడు పరీక్షించి చూడలేం. రేపు మనలో చాలామంది ఏదో ఒక ఫ్యాక్టరీ గేటు లోపలికి వెళ్తాం. కొందరి చేతికి స్టాప్‌వాచ్ కూడా వస్తుంది. గేర్ల సౌండ్ వినడం కాలేజీలో నేర్పుతారు. ఎదురుగా నిలబడ్డ మనిషిని వినడానికి మాత్రం సిలబస్ లేదు, ఎవరికి వాళ్లం నేర్చుకోవాల్సిందే.